చూస్తే ఓడిపోతాడని డాబా ఎక్కే చెల్లెమ్మకు

ప్రశ్న: అన్నయ్య గారూ, మీరు నవ్వరని నమ్మి రాస్తున్నాను. నా వయసు 46. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. 2011లో ఒక ఆదివారం సాయంత్రం చానల్ మారుస్తుంటే అనుకోకుండా వింబుల్డన్ టెన్నిస్ ఫైనల్ తగిలింది. నాదల్‌ని ఓడించిన జకోవిచ్ కోర్టులోంచి గడ్డి పీకి నోట్లో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అతనంటే పిచ్చి.

నా సమస్య ఏమిటంటే, నేను చూస్తే అతను ఓడిపోతాడు. 2012, 2014, 2015 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్స్ మూడూ కదలకుండా కూర్చుని చూశాను. మూడూ పోయాయి. 2016లో మేనకోడలి పుట్టినరోజుకి తెనాలి వెళ్లి చూడలేదు, గెలిచాడు. అప్పటి నుంచి ముఖ్యమైన మ్యాచ్ అయితే డాబా మీదికి వెళ్లిపోతున్నాను. మా అబ్బాయి గేమ్ గేమ్‌కీ మెట్లెక్కి వచ్చి స్కోరు చెప్పి వెళ్తాడు. 2019 వింబుల్డన్ ఫైనల్ మొత్తం వాటర్ ట్యాంకు పక్కనే గడిచింది. 2021 ఫ్రెంచ్ ఫైనల్‌లో రెండు సెట్లు పోయేదాకా ఉండి, ఇక లాభం లేదని పైకెళ్లాను. తర్వాత మూడు సెట్లూ గెలిచాడు. ఇంకేం చెప్పమంటారు?

మా అత్తయ్య గారు కూడా ఇందులో ఇరుక్కున్నారు. అతను గెలుస్తున్నప్పుడు ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండాలి. ఒకసారి టైబ్రేకర్‌లో, అదే సెట్ ఎవరిదో తేల్చే చివరి గేములో, బాత్రూమ్‌కి లేవబోతే ఆపాను. తప్పే, ఒప్పుకుంటాను. అతను ఓడిన రోజు నాకు అన్నం సహించదు, వంట కూడా చేయబుద్ధి కాదు. మావారు ‘ఎవడో సెర్బియా వాడు ఓడిపోతే మనింట్లో పొయ్యి వెలగదా’ అంటారు. ఆయన తన హీరో సినిమా వస్తే తెల్లవారుజామున బెనిఫిట్ షోకి వెళ్లే మనిషే.

2024 ఒలింపిక్ ఫైనల్ రోజు మొదటి టైబ్రేకర్ రాగానే డాబా కూడా చాలదనిపించి, చెప్పులేసుకుని మా లైను చివరిదాకా నడుస్తూ పోయాను. చాలాసేపు అలా తిరిగి ఇంటికొచ్చేసరికి టీవీలో అతను ఏడుస్తున్నాడు, మా అబ్బాయి గెంతుతున్నాడు, నేను గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. ఎప్పుడు రిటైర్ అవుతాడోనని భయం. ఇక మీదటైనా చూడాలా, మానాలా? ఇదేమైనా జబ్బా? 25వ గ్రాండ్‌స్లామ్ గెలిస్తే దుర్గమ్మకి 25 కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాను. దాని సంగతి కూడా చెప్పండి. పేరు వేయకండి, కాలేజీలో పిల్లలు ఏడిపిస్తారు.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఒక నిజం చెప్పేస్తాను. మీ ఉత్తరం తప్పు ఇంటికి వచ్చింది. నేను అతని ప్రత్యర్థి ఫెదరర్ మనిషిని. విజయవాడ సూర్యారావుపేటలో ఉన్న మా ఇంట్లో ఇన్నేళ్లుగా జకోవిచ్ ఓడిపోవాలని కోరుకుంటూనే టీవీ ముందు కూర్చున్నాం. కాబట్టి నా సలహాలో ఎక్కడైనా కుట్ర ఉందనిపిస్తే మీ అనుమానం న్యాయమైనదే.

అన్నట్టు, ఆ గడ్డి సంగతి. మన భాషలో గడ్డి తినడానికి వేరే అర్థం ఉంది. దాన్ని చూసి మనసు పారేసుకున్నవాళ్లని మిమ్మల్నే చూస్తున్నాను. అయితే ఆ మ్యాచ్ మీరు చూశారు, అతను గెలిచాడు. మీ ఉత్తరం మొదటి పేరాలోనే మీ సిద్ధాంతం కూలిపోయింది. లెక్కల మేడమ్ గారు దాన్ని దాటేసి 2012 నుంచి లెక్క మొదలుపెట్టారు. మీ విద్యార్థి ఎవరైనా తనకు నప్పని మొదటి విలువ కొట్టేసి గ్రాఫ్ గీస్తే మీరు మార్కులు వేస్తారా?

మిగతా లెక్క కూడా చూద్దాం. గ్రాండ్‌స్లామ్‌లంటే ఏడాదికి నాలుగు జరిగే పెద్ద టోర్నీలు. జకోవిచ్ గెలిచిన 24లో 10 మెల్‌బోర్న్‌లో, అంటే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వచ్చాయి, ఫ్రెంచ్ ఓపెన్ జరిగే ప్యారిస్‌లో 3. జనవరిలో మెల్‌బోర్న్ గడియారం మనకన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి ఏడుకి మొదలయ్యే మ్యాచ్ మనకి మధ్యాహ్నం ఒకటిన్నరకి. ఆ వేళకి మీరు బోర్డు మీద ఇంటిగ్రేషన్ చేస్తుంటారు. అంటే అతను అందరికన్నా బాగా ఆడే ఊళ్లో అతని మ్యాచ్‌లు మీరు చూడలేని టైములో పడతాయి. ప్యారిస్ ఫైనల్ మనకి ఆదివారం సాయంత్రం ఆరున్నరకి. కాఫీ తాగి హాయిగా కూర్చునే వేళ. అక్కడేమో నాదల్ 14 సార్లు గెలిచాడు. 2012లో, 2014లో మీవాణ్ని ఓడించింది అతనే. 2015లో వావ్రింకా బ్యాక్‌హ్యాండ్ ముందు ఎవరూ నిలిచేలా లేరు. మీరు చూడటం వల్ల ఓడిపోలేదమ్మా, అతనికి కష్టమైన మ్యాచ్‌లు మీకు తీరికైన వేళకి వచ్చాయి. ఇందులో దోషం ఏమైనా ఉంటే భూమి గుండ్రంగా ఉండటానిది.

2021 సంగతి ఇంకా తేలిక. మీరు డాబా ఎక్కేది ఎప్పుడు? అతను వెనకబడ్డాక. అతనికున్న పేరు ఏమిటి? వెనకబడి లేచి గెలుస్తాడని. ఆ రోజు సిట్సిపాస్ మీద మొదటి రెండు సెట్లు పోయాయి, మీరు మెట్లెక్కారు, అతను తన అలవాటు ప్రకారం లేచాడు. ఆ ఘనత మీ మెట్లకి వచ్చింది. వాన వెలిసే ముందు గొడుగు తెరిచి, గొడుగే వానని ఆపిందన్నట్టుంది.

లెక్కతో నమ్మకం పోదని నాకూ తెలుసు. మా ఇంట్లో ఫెదరర్ మ్యాచ్‌కి ఒక నీలం లుంగీ ఉండేది. ఆ వివరాలు ఇక్కడ వద్దు.

మీరు వాటర్ ట్యాంకు పక్కన గడిపిన 2019 జులై 14 గురించి చెబుతాను, ఎందుకంటే ఆ రోజు నేను టీవీ ముందు ఉన్నాను. ఇంట్లో ఒకటే టీవీ, రెండు ఫైనల్స్. లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. అదే లండన్‌లో ఇంకో పక్క ఫెదరర్, జకోవిచ్ వింబుల్డన్ ఫైనల్. మా అబ్బాయి క్రికెట్ కోసం పక్కింటికి వెళ్లిపోయాడు. మా ఆవిడ కారం పట్టించడానికి ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ నా పక్కన కూర్చుంది. చేతులు ఊరికే ఉండలేక నేను కూడా ఓ గుప్పెడు తీసుకున్నాను.

ఐదో సెట్‌లో ఫెదరర్ 8-7 ముందున్నాడు. సర్వీస్ అతనిదే. 40-15. రెండు చాంపియన్‌షిప్ పాయింట్లు, ఒక్కటి గెలిస్తే కప్పు అతనిదే. 38 ఏళ్లు నిండటానికి నెల కూడా లేదు ఆయనకి. మా ఆవిడ తొడిమలు తీయడం ఆపింది. మొదటి పాయింట్‌లో ఫెదరర్ ఫోర్‌హ్యాండ్ బయటికి పోయింది. రెండోదానికి నెట్ దగ్గరికి దూసుకొచ్చాడు. మీవాడు ఫోర్‌హ్యాండ్‌తో అడ్డంగా, అతని రాకెట్‌కి అందకుండా కొట్టాడు. అంతే. ఆ తర్వాత ఇంకో ఎనిమిది గేములు నడిచాయి, 12-12 దాకా వెళ్లి టైబ్రేకర్‌లో ముగిసింది కానీ, నా మటుకు నాకు మ్యాచ్ అక్కడే అయిపోయింది. మొత్తం 4 గంటల 57 నిమిషాలు. ఫెదరర్ 218 పాయింట్లు గెలిచాడు, జకోవిచ్ 204. ఎక్కువ పాయింట్లు గెలిచినవాడు ఓడిపోయే ఆట ఇది. దీన్ని మా అబ్బాయికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మ్యాచ్ అయ్యాక కళ్లు తుడుచుకున్నాను. మిరపకాయల చేతులతో. ఆ రాత్రి ఏడుపులో ఫెదరర్ వాటా ఎంతో, మిరపకాయల వాటా ఎంతో ఇప్పటికీ తేలలేదు. పొద్దున్నే టీ బడ్డీ దగ్గర అందరూ సూపర్ ఓవర్ గురించీ, బౌండరీల లెక్కతో కప్పు ఇవ్వడం ఏమిటనీ కొట్టుకుంటున్నారు. నేను ఎర్ర కళ్లతో నిలబడితే ఒకాయన న్యూజిలాండ్ అభిమాని అనుకుని భుజం తట్టాడు. మన ఊళ్లలో టెన్నిస్ పిచ్చి ఉన్నవాడి బతుకు ఇంతే. దుఃఖం ఉంటుంది, పరామర్శకి వచ్చేవాళ్లు ఉండరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రెండు పాయింట్లు నా దగ్గర ఉన్నాయి, మీ దగ్గర లేవు. నా గుండె కోసిన మ్యాచ్ అది, అయినా తొడిమల వాసనతో సహా నాకు గుర్తుంది. మీకు అది మీ జీవితంలోనే గొప్ప గెలుపుల్లో ఒకటి. మీకు గుర్తుండేది మాత్రం వాటర్ ట్యాంకు. ఒలింపిక్ ఫైనల్ కూడా అంతే. ఆ జూన్‌లో మోకాలికి ఆపరేషన్ అయింది, 37 ఏళ్లు, ఎదురుగా స్పెయిన్ కుర్రాడు అల్కరాస్. రెండు సెట్లూ టైబ్రేకర్‌కే వెళ్లాయి. అంతకుముందు నాలుగు ఒలింపిక్స్‌లో ప్రయత్నించి ఒక్క కాంస్యంతో సరిపెట్టుకున్నవాడు, ఈసారి స్వర్ణం గెలిచి కోర్టులో కూలబడి ఏడ్చాడు. నేను కూడా, చెప్పకూడదు గానీ, కాస్త కదిలిపోయాను. పదమూడేళ్లు అతని కోసం పడిచచ్చిన మనిషి ఆ టైములో గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ చెప్పులే. మీ ప్రశ్నకి జవాబు మీరే రాసేశారు, నేను సంతకం పెడుతున్నానంతే. చూడండి.

అయితే ఎలా చూడాలన్నది ఉంది. చూడటం మీకు కష్టమేనని ఒప్పుకుంటాను, అందులో తప్పు మీదొక్కరిదే కాదు. ఈ ఆట తీరే అలాంటిది. క్రికెట్‌లో ఇంకా ఎన్ని బంతులు, ఎన్ని పరుగులు అన్న లెక్క ఉంటుంది. ఫుట్‌బాల్‌లో గడియారం ఉంటుంది. టెన్నిస్‌లో ఎంత ముందున్నా చివరి పాయింట్ గెలిచేదాకా దిక్కు లేదు. పైగా పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు, కోర్టు మారేటప్పుడు 90 సెకన్లు. నాలుగు గంటల మ్యాచ్‌లో బంతి నిజంగా కదిలేది చాలా తక్కువ సేపు, మిగిలిందంతా టవల్‌తో మొహం తుడుచుకోవడం, బంతిని నేలకేసి కొట్టడం. టెన్షన్ పుట్టేది ఆ ఖాళీలోనే. బంతి నడుస్తున్నప్పుడు మనకి ఊహించుకునే తీరిక ఉండదు.

అందుకని ఆ ఖాళీకి పని పెట్టండి. మ్యాచ్ మొదలయ్యే ముందు రెండు కట్టల గోంగూర తెచ్చుకుని ఒళ్లో పళ్లెం పెట్టుకోండి. పాయింట్ అయిపోగానే ఆకు తుంచండి, సర్వీస్‌కి బంతి ఎగరేయగానే తలెత్తండి. ఐదు సెట్లు వెళ్తే పచ్చడికి సరిపడా వస్తుంది, ఓడినా మర్నాడు పొయ్యి వెలిగించడానికి ఒక కారణం ఉంటుంది. మీవారి ఫిర్యాదు కూడా తీరుతుంది. మిరపకాయలు మాత్రం వద్దు, అనుభవంతో చెబుతున్నాను.

ఒక్కొక్క పాయింట్‌కీ గుండె పట్టుకోకండి. ఫెదరర్ 2024లో అమెరికాలో ఒక కాలేజీ స్నాతకోత్సవంలో తన లెక్క తానే చెప్పాడు. ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచాడు, గెలిచిన పాయింట్లు మాత్రం 54 శాతమే. అంటే అంతటివాడికే నూటికి 46 పోయాయి. మీరు లెక్కలవారు, దీని అర్థం నేను విడమర్చక్కర్లేదు. జకోవిచ్ 0-30లో పడితే, అంటే గేములో మొదటి రెండు పాయింట్లూ పోతే, అది ఆపద కాదు, మామూలు మంగళవారం.

ఫైనల్‌తో మొదలుపెట్టకండి. మొదటి రౌండు, రెండో రౌండు మ్యాచ్‌లు చూడండి, పేరు కూడా తెలియని కుర్రాడితో ఆడేవి. అవి రెండు మూడు చూసి అతను గెలిస్తే, మీరు చూస్తుండగా గెలవడం అలవాటవుతుంది, అతనికి కాదు, మీకు. వింబుల్డన్ సెంటర్ కోర్టు మ్యాచ్‌లు మనకి సాయంత్రం ఆరుకి మొదలవుతాయి, కాలేజీ నుంచి వచ్చి చూడొచ్చు. ఫైనల్ ఇప్పుడు అక్కడ నాలుగింటికి పెడుతున్నారు, అంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర, భోజనాలు ముందే కానిచ్చేయండి. కష్టమల్లా యూఎస్ ఓపెన్‌తోనే. న్యూయార్క్ రాత్రి మ్యాచ్‌లు మనకి తెల్లవారుజామున నాలుగున్నరకి. రాత్రంతా మేలుకుని ఉండే బదులు తొమ్మిదికల్లా పడుకుని కార్తీక స్నానానికి లేచినట్టు లేవండి. మీవారి బెనిఫిట్ షోలు కూడా దాదాపు ఆ వేళకే కాబట్టి ఆయన నోరెత్తలేరు.

ఇంట్లోవాళ్ల విషయంలో మాత్రం నేను మీ పక్షాన లేను. నాదల్‌ని చూశారుగా. సీసాలు రెండూ ఒకే తీరుగా, లేబుళ్లు ఒకే వైపుకి ఉండేలా పెట్టుకునేవాడు. సర్వీస్‌కి ముందు ముక్కు, చెవులు, జుట్టు అన్నీ ఒక వరసలో తడుముకునేవాడు. నవ్వినవాళ్లు నవ్వారు, ఆయన 22 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. కానీ అవి తన సీసాలు. ఎదుటివాడి సీసా ఎప్పుడూ జరపలేదు. మీరు డాబా ఎక్కడం మీ సీసా. అత్తయ్య గారి బాత్రూమ్ మీ సీసా కాదు. పెద్దావిడ, షుగరో బీపీనో ఉండే వయసు, ఆపడం చాలా తప్పు, ఉత్తరంలో ఒప్పుకుంటే చాలదు, ఆవిడతోనే చెప్పండి. అబ్బాయిని స్కోరు మోసే పని నుంచి విడుదల చేయండి. ఇన్నేళ్లూ సగం మ్యాచ్ మెట్ల మీదే అయిపోయింది వాడికి. అసలు మీ ఇంట్లో ఈ ఆట మీకన్నా ఎక్కువ ఎవరు చూశారో ఆలోచించారా? మీ అత్తయ్య గారు. కదలకుండా కూర్చోబెట్టి మీరే చూపించారు. ఈసారి ఆవిడ పక్కన కూర్చుని, ఆ 2019 టైబ్రేకర్ ఎలా జరిగిందో అడిగి చూడండి.

జబ్బా అని అడిగారు. కాదు. ఓడిన రోజు ఒక పూట అన్నం సహించకపోవడం జబ్బయితే ఫెదరర్ పుణ్యాన నేను ఎప్పుడో ఐసీయూలో ఉండాల్సింది. గుండె దడ, ఊపిరి ఆడకపోవడం లాంటివి మ్యాచ్ అయ్యాక కూడా ఉంటే అది వేరే సంగతి, డాక్టర్‌కి చూపించుకోండి.

మొక్కు గురించి నన్ను అడగకండి, అది మీకూ ఇంద్రకీలాద్రి మీది తల్లికీ మధ్య వ్యవహారం. మా ఊరే కాబట్టి ఒక్క మాట, 25 కాయలూ సంచిలో వేసుకుని మెట్లదారిన ఎక్కాలంటే అబ్బాయిని వెంట తెచ్చుకోండి, వాడికి మెట్లు అలవాటే.

రిటైర్ అవుతాడేమోనన్న భయానికి నా దగ్గర మందు లేదు. అవుతాడు. 1987 మే 22న పుట్టినవాడు, 2025లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల్లోనూ సెమీస్‌దాకా వెళ్లడమే వింత. మావాడు 2022 సెప్టెంబర్‌లో వెళ్లిపోయాడు. లండన్‌లో లేవర్ కప్ అనే జట్ల పోటీ, నాదల్‌తో కలిసి డబుల్స్. అక్కడ అర్ధరాత్రి దాటింది, ఇక్కడ తెల్లవారుతోంది. మా ఆవిడ పాలు పెట్టడానికి లేచి వచ్చి నిలబడిపోయింది. అమెరికా జోడీ సాక్, టియాఫో చేతిలో ఓడిపోయారు. తర్వాత ఫెదరర్, నాదల్ పక్కపక్కన కూర్చుని ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని ఏడ్చారు. పాలు పొంగిపోయాయి. స్టవ్ ఎవరు తుడవాలన్న దాని మీద ఆ ఉదయం మేమిద్దరం కాస్త గొడవపడ్డాం కూడా. ఓడిపోయిన మ్యాచే, కానీ ఆ తెల్లవారుజామున నేను పడుకుని ఉండి ఉంటే అనుకుంటే మాత్రం గుండె జారుతుంది.

మీవాడు చివరి మ్యాచ్ ఎప్పుడు ఆడతాడో ముందే చెప్పి ఆడకపోవచ్చు. కాబట్టి ఏ మ్యాచైనా చివరిదేమో అనుకుని గోంగూర తెచ్చిపెట్టుకోండి. ఇంకో సంగతి. ఆ 2019 ఫైనల్‌లో జనమంతా ‘రోజర్, రోజర్’ అని అరుస్తుంటే తన పేరే పిలుస్తున్నట్టు ఊహించుకున్నానని జకోవిచ్ మ్యాచ్ తర్వాత చెప్పాడు. సూర్యారావుపేటలో గొంతు పోయేలా నేను అరిచిన అరుపులు కూడా ఆ లెక్కన అతని ఖాతాలోకే వెళ్లి ఉంటాయి. మీరు డాబా మీద ఉంటే ఆ పని నేను చేసిపెట్టాను. ఇక మీరు కిందికి దిగి మీ అరుపులు మీరు అరుచుకోండి. ఇక్కడ మేమిద్దరం మాత్రం ఎప్పటిలాగే అతను ఓడిపోవాలనే కూర్చుంటాం.